చింతచెట్టు పక్కన నిలబడ్డ మనిషి

మా చిన్నమ్మమ్మ బతికుండగానే తన ఫొటోకు దండ వేయించుకుంది. సంగారెడ్డిలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా ముందరి గదిలో సరిగ్గా ఆ ఫొటో కిందే గోడకు ఆనుకుని కూర్చునేది. చాయ ఊదుకుంటూ తలెత్తి చూసి, "ఏందే, పోయిన పండుగకేసిన దండే ఉన్నది ఇంక? నాకు జెర మంచి పూలు దొరకలేదా?" అని మా అమ్మను ఉడికించేది. కొత్తగా వచ్చిన చుట్టాలు ఫొటోను చూసి, ఆమెను చూసి, మళ్ళీ ఫొటోను చూసి, ఏమడగాలో తెలియక మంచినీళ్ళు తాగేవాళ్ళు.

సంగతేమిటంటే, ఆ ఫొటో మా అమ్మమ్మది. అంటే మా అమ్మ కన్నతల్లిది. కానీ అందులోని ముఖం అమ్మమ్మ చెల్లెలిది. ఆమెనే మేమంతా చిన్నమ్మమ్మ అనేవాళ్ళం.

అమ్మమ్మ జ్వరంతో పోయేనాటికి మా అమ్మకు బడి ఈడు కూడా రాలేదు. అమ్మమ్మకు ఒక్క ఫొటో లేదు. ఏడాది తిరిగేసరికి పెత్రమాస వచ్చింది. ఆ అమావాస్యనాడు పోయిన పెద్దల పేరు మీద బియ్యమివ్వాలి. పక్కింటివాళ్ళ గోడ మీద పెద్దల ఫొటోలుంటే మా తాతకు తన గోడ బోసిగా కనిపించిందట. సంగారెడ్డిలో ఫొటో స్టూడియోకు పోయి అడిగాడు. ఆ స్టూడియో పెద్దాయన, "పోయినామె మొకం ఎవరి లెక్క ఉంటది?" అన్నాడట.

ఆ రోజుల్లో అదొక పద్ధతి. ఫొటో లేకుండా పోయినవాళ్ళకు, పోలిక కలిసే అక్కనో తమ్ముడినో కూర్చోబెట్టి తీసి, ఆ పైన పెన్సిలుతో కుంచెతో దిద్ది, నాలుగేళ్ళు వయసు పెంచి, ముక్కుపుల్ల మార్చి, పోయినవాళ్ళను తయారుచేసి ఇచ్చేవాళ్ళు. ఈ చుట్టుపక్కల పాత ఇళ్ళ గోడల మీదున్న పెద్దల్లో ఎందరు నిజంగా వాళ్ళో, ఎందరు వాళ్ళ తమ్ముళ్ళో ఆ దేవుడికే ఎరుక.

మా చిన్నమ్మమ్మకు అప్పుడే కొత్తగా పెళ్ళయింది. ఆమెను కొండాపూర్ దిక్కు అత్తగారింటి నుంచి బస్సులో పిలిపించి, అక్క చీర కట్టించి, స్టూలు మీద కూర్చోబెట్టారు. ఆ కథ ఆమె చెబితేనే వినాలి. "నాకు నవ్వు ఆగకపాయె. గాయిన, సచ్చిపోయినోళ్ళు నవ్వరమ్మా అని కసిరిండు. గప్పుడు అక్క యాదికొచ్చి ఏడిసిన. ఏడువొద్దు గూడ అన్నడు. ఇగ ఏం జెయ్యాల్నో తెల్వక బిర్రుగ కూసున్న." అందుకే ఆ ఫొటోలో ముఖం అట్లా ఉంటుంది, ఊపిరి బిగబట్టి నీళ్ళలో మునిగినట్టు.

మా అమ్మకు తన తల్లి గురించి సొంతంగా గుర్తున్నది ఒక్కటే: ముంజేతి మీది పచ్చబొట్టు. తేలు బొమ్మ. జొన్నరొట్టె పాలల్లో పిసికి తినిపిస్తూ ఆమె, "తింటవా, తేలును ఇడవాల్నా?" అని బెదిరించేదట. అదే మాట మా అమ్మ నాకు చిన్నప్పుడు అనేది. నేను అన్నం ముద్ద బుగ్గన పెట్టుకుని ఆమె చేతి మీద తేలు కోసం వెతికేదాన్ని. అక్కడ గాజులు తప్ప ఏమీ ఉండేవి కావు. తేలు ఎక్కడిదో తెలియకపోయినా భయం మాత్రం నిజంగా వేసేది, ముద్ద మింగేదాన్ని.

చిన్నమ్మమ్మ పోయినేడు పోయింది. డెబ్బై దాటిన మనిషి, నిద్రలోనే పోయింది. మేమంతా ఏడ్చాం, ఏడుస్తూనే ఆమె మాటలు చెప్పుకుని నవ్వాం. కథ అక్కడితో అయిపోతే ఇది రాసేదాన్ని కాదు.

ఈ ఏడు పెత్రమాసకు కొన్నాళ్ళ ముందు, ఒక ఆదివారం పొద్దున, చిన్నమ్మమ్మ కొడుకు మా ఇంటికి వచ్చాడు. ముత్తంగి దగ్గర ఒక గోదాములో సూపర్‌వైజరు. అమ్మకు తమ్ముడి వరస, నాకు మామ. పండ్ల సంచి కింద పెట్టి, చాయ ముట్టుకోకుండానే అడిగాడు.

"అక్కా, ఒక మాట అడుగుత. కోపం జెయ్యకు. గా ఫొటో మాకియ్యరాదు."

"ఏ ఫొటో?" అంది అమ్మ.

"గదే, గోడ మీదున్నది. మా అమ్మది."

అది వాళ్ళమ్మదేనని అందరికీ తెలుసు. కానీ ఇన్నేళ్ళలో ఎవ్వరూ ఆ మాట ఆ విధంగా అనలేదు.

మామ గోడు కూడా న్యాయమైనదే. చిన్నమ్మమ్మ ఏడాది కార్యం దగ్గరపడింది. ఆధార్ కార్డు ఫొటో పెద్దది చేయిస్తే, చూసి ఇంట్లో చిన్నపిల్ల జడుసుకుందట. ఫోన్లలో ఉన్నవేమో అన్నీ పెళ్ళి గుంపుల్లో తీసినవి. పళ్ళు ఊడినప్పటి నుంచి ఆమెకు ఫోను కనబడితే చాలు, మూతికి కొంగు అడ్డం పెట్టుకునేది. నిండు ముఖంతో, కళ్ళు తెరిచి, తిన్నగా చూస్తూ ఆమె దిగిన ఫొటో లోకంలో అదొక్కటే. అది మా గోడ మీద, వేరే మనిషి పేరుతో ఉంది.

ఇదంతా నాకు ఇప్పుడు తోస్తున్న న్యాయం. అప్పుడు మాత్రం నా ఒళ్ళు మండింది. నా కోపం పొయ్యి మీది పాల లాంటిది, చూస్తుండగానే పొంగుతుంది. "ఇన్నేండ్లు దీపం పెట్టుకున్నం మామా. దండలేసినం. ఇప్పుడొచ్చి మాది అంటే ఎట్ల?" అన్నాను.

మామ గొంతు పెంచలేదు. "దీపం వెట్టింది మీ అమ్మమ్మకే గద బిడ్డా. నేను దీపం అడుగుతలేను. మొకం అడుగుతున్న," అన్నాడు.

అమ్మే అంది, "పెత్రమాసకు ముందట నేనే తెచ్చిస్త. నువ్వు చాయ తాగు తమ్మీ."

మామ పోయాక అమ్మ ఫొటో దింపి, పాత ధోతి గుడ్డతో అద్దం తుడిచింది. గోడ మీద ఫొటో ఉన్నంత మేర సున్నం తెల్లగా, మిగతాదంతా పొగచూరి ఉంది. నేను ఉపాయం చెప్పాను. ఇంకో కాపీ తీయిద్దాం, ఒకటి వాళ్ళకు, ఒకటి మనకు, గొడవ తీరిపోతుంది. అమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఒక్క మొకం రెండిండ్లల్ల బియ్యం అందుకుంటదా? తమ్ముడు తప్పడగలే. చిన్నమ్మ ఇన్నేండ్లు మా అమ్మ జాగల కూసున్నది. ఇగ ఆమె జాగల ఆమె కూసోవద్దా?"

"మరి అమ్మమ్మ?"

"గదే తెలుస్తలేదు." అమ్మ గుడ్డ మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "కండ్లు మూసుకుని అమ్మా అనుకుంటే చిన్నమ్మనే వస్తది. చిన్నప్పటిసంది గంతే. కన్నతల్లి ఎట్లుంటదో తెల్వకుంటనే నేను గూడ పోత గావచ్చు."

మా అమ్మ ఊరికే ఏడ్చే మనిషి కాదు. ఆ మాట కూడా ఏడుస్తూ అనలేదు, ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా అంది.

నేను బొల్లారంలో ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తాను. పొద్దున కంపెనీ బస్సు ఎక్కడం, దిగడం, సీసాల్లో నీళ్ళూ పొడులూ పరీక్ష చేయడం, ఇదే నా బతుకు. పరీక్షలో తేలనిదాన్ని నమ్మను. అమ్మమ్మ ముఖం ఎట్లా ఉండేదో తేల్చే పరీక్ష ఏదీ లేదని తెలిసి కూడా, ఆ వారం ఒక పూట సెలవు పెట్టాను. ఆ ఫొటో తీసిన స్టూడియో ఇంకా ఉందని విన్నాను. అసలు నెగటివ్ దొరికితే, దిద్దుళ్ళు లేని చిన్నమ్మమ్మ ముఖం మామకు ఇవ్వవచ్చు, దిద్దిన ఫొటో మనమే ఉంచుకోవచ్చు. రెండూ ఒకే ముఖం ఎట్లా అవుతాయి? ఇదీ నా తెలివి. గోడ మీంచి దింపిన ఫొటోను, అమ్మను కూడా వెంట తీసుకుపోయాను.

దుకాణం పాత బస్టాండు దారిలో. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, ముందరి సగం కూలగొట్టాలని గుర్తులు పెట్టిపోయారు. లోపల ఒక పెద్దమనిషి అట్టపెట్టెలకు తాళ్ళు కడుతున్నాడు. ఆనాటి ఫొటోగ్రాఫర్ కొడుకు, మా అమ్మ ఈడువాడు. సంగతి చెబితే ఫొటోను వెలుతురుకు పెట్టి చూసి, ముక్కుపుల్ల దగ్గర వేలు ఆనించి, "మా అబ్బా చెయ్యే. గీ ముక్కుపుల్ల ఆయన అందరికీ ఒక్కటే ఏస్తుండె," అని నవ్వాడు. వాళ్ళ నాన్న తీసిందేదీ పారేయలేదట, కానీ దేని మీదా పేరు రాయలేదట. "ఆ పెట్టెలల్ల దేవులాడుండ్రి అక్కా. ఫికర్ చెయ్యకుండ్రి. దొరికితే మీ నసీబు."

స్టూలు తుడిచి అమ్మకు వేశాడు. చిన్నమ్మమ్మ బిర్రుగా కూర్చున్న స్టూలు అదేనేమో అని అమ్మ దాన్ని ఒకసారి తడిమి చూసి మరీ కూర్చుంది.

నేను మొదటి పెట్టె విప్పితే నెగటివ్‌లకు బదులు పుస్తకాలున్నాయి. పుస్తకం కనబడితే నాకు ఒళ్ళు తెలియదు. అడుగున ఉర్దూలో ఒక పాతది, అట్ట ఊడింది, అంచులు చెద తిన్నది. మధ్యలో బొమ్మలు: మంజీర ఒడ్డున ఎడ్లబండ్లు, మిరపకాయల అంగడి, తలపాగాలతో పటేళ్ళు. అదేమిటని అడిగితే ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. మా జిల్లా గురించి, నవాబుల కాలంలో ఎవరో తిరిగి రాసింది. ఊరూరి పంటలు, వాగులు, బావులు. చదువుతూ తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యలో మాట దొరకనప్పుడు చేతులతో చూపించేవాడు.

"మా అమ్మోళ్ళ ఊరు ఉన్నదా చూడండి భాయ్," అన్నాను.

ఆ ఊరు ఇప్పుడు లేదు. పటాన్‌చెరు దగ్గర ఫ్యాక్టరీలు వచ్చినప్పుడు పొలాలన్నీ పోయాయి. ఊరి పేరు ఒక బస్సు స్టాపుకు మిగిలింది. మా కంపెనీ బస్సు రోజూ అక్కడ ఆగుతుంది, ఒడిశా నుంచి వచ్చిన కార్మికులు ఆ పేరును వాళ్ళ నోటికి తిరిగినట్టు పలుకుతూ ఎక్కుతారు. ఆయన పేజీలు తిప్పి తిప్పి, ఒకచోట వేలు పెట్టి ఆగాడు. ఆ ఊరికి ఇచ్చింది రెండు ముక్కలే. జొన్న బాగా పండుతుంది. మూడు మోటల బావి ఒకటి ఉంది, దాని నీళ్ళు తియ్యన.

నేను ఆ ఊరి స్టాపు దాటి పోయి, రోజంతా నీళ్ళకు పరీక్షలు చేసే మనిషిని. ఆ రాసినాయన ఆ బావి దగ్గర బండి దిగి, దోసిలి పట్టి తాగి ఉంటాడు. తియ్యన అని రాసుకుని ముందుకు పోయి ఉంటాడు. నాకెందుకో ఆ ఎవరో తెలియని మనిషి మీద ప్రేమ పుట్టింది, ఆ తరువాత ఆ నీళ్ళ మీద దిగులు పుట్టింది. "వింటున్నవా అమ్మా? మీ బావి నీళ్ళు తియ్యగ ఉండేనంట," అని గట్టిగా చెప్పాను.

అమ్మ వినలేదు. అప్పటిదాకా రెండో పెట్టె ముందేసుకుని సణుగుతూనే ఉంది. "అన్నీ చెట్లు, బావులే. చింతచెట్లకు గూడ ఫొటోలేంది? మనుషులు దొరకలేదా మీ నాయినకు?" అని ఆయన్ని ఆడిపోసుకుంటోంది.

ఆయన పుస్తకం దించి చెప్పాడు. "అవి సర్కారు పని అక్కా. ఫ్యాక్టరీలకు భూములు తీసుకునేటప్పుడు బావికింత, చెట్టుకింత అని పైసలు కట్టిస్తుండిరి. చెట్టు ఎంత పెద్దదో ఆఫీసుల తెలవాలె గద? పక్కన మనిషిని నిలవెడితే తెలుస్తది. గందుకే ప్రతి చెట్టు పక్కన ఒక మనిషి. అది గూడ ఆ ఇంటోళ్ళే నిలవడాలె. లేకుంటే పక్కోడొచ్చి చెట్టు నాదంటడు."

నేను లేచిపోయి చూశాను. నిజమే. పోస్టుకార్డంత నలుపుతెలుపు ఫొటోలు. మామిడిచెట్టు, పక్కన కట్టె పట్టుకున్న ముసలాయన. బావి, గట్టు మీద ఇద్దరన్నదమ్ములు. ఎవరూ నవ్వడంలేదు. ఫొటో దిగుతున్నామన్న సంబరం ఎవరి ముఖంలోనూ లేదు. కొలకర్రలుగా నిలబడ్డవాళ్ళు, రేపటికి పోయే చెట్టును ఆనుకుని నిలబడ్డవాళ్ళు. నేను మళ్ళీ పుస్తకం దగ్గరికి వచ్చాను, ఆయన మళ్ళీ చదవసాగాడు. కాసేపటికి అమ్మ సణుగుడు ఆగిపోయిందని గమనించాను.

తిరిగి చూస్తే అమ్మ చేతిలో ఒక ఫొటో ఉంది. దాన్ని దగ్గరికి జరుపుతోంది, దూరం పెడుతోంది.

"గిది మా మూడు మోటల బావి," అంది. "దాని పొంటి చింతచెట్టు. మాదే. కొమ్మ గిట్ల వంగి ఉంటుండె, నేను గుర్రం ఎక్కినట్టు ఎక్కేదాన్ని."

చెట్టు పక్కన ఒక మనిషి ఉంది. ఆడమనిషి. ఆ పెట్టెలో ఆడవాళ్ళు నిలబడ్డ ఫొటోలు అరుదు. ఒక చెయ్యి మాను మీద ఆనించింది. ఇంకో చెయ్యి పక్కనున్న చిన్నపిల్ల తల మీద ఉంది. తల నిండా కొంగు. పరాయి మగవాళ్ళ ముందు ఆ ఊరి కోడలు ఎట్లా నిలబడాలో అట్లా నిలబడి, ముఖం కెమెరా నుంచి పక్కకు, కిందికి, పిల్ల వైపు తిప్పుకుంది. కొంగు అంచులోంచి చెవి కమ్మ కనిపిస్తోంది, చెంప వంపు కనిపిస్తోంది. ముఖం మాత్రం లేదు.

"తాత నిలబడాలె గద?" అన్నాను.

"మా నాయిన మొండోడు. భూమి ఇయ్యనని, ఆఫీసరు వచ్చిన నాడు జొన్నచేన్లకు పోయి పండుకున్నడట. చిన్నమ్మ చెప్తుండె. ఇగ చెట్టు పక్కన ఎవరు నిలవడాలె? ఇంట్ల ఉన్నది అమ్మొక్కతే." అమ్మ వేలు ఫొటో మీద కదిలింది. "సెయ్యి సూడు."

పిల్ల తల మీదున్న చేతికి, మణికట్టుకు కాస్త పైన, నల్లటి మరక ఉంది. నేను ఫోనులో ఫొటో తీసి పెద్దది చేసి చూశాను. తేలు కావచ్చు. బురద కావచ్చు. కాగితం మీద చెమ్మ తగిలిన మచ్చ కావచ్చు. ల్యాబులో అయితే తేలలేదు అని రాసి సంతకం పెట్టేదాన్ని. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, నా నోరు ఆ ఒక్క పూటైనా మంచిగా ఉండనీ అనుకుని మింగేశాను.

అప్పుడు తట్టింది అసలు సంగతి. ఈ ఫొటో తీసినాయనే, ఏడాదో రెండేళ్ళో గడిచాక మా తాత వస్తే, పోయినామె ఎవరి లెక్క ఉంటది అని అడిగాడు. ఆమె అప్పటికే ఆయన పెట్టెలో ఉంది. ఆయనకు తెలియదు. ఆయనకు అది చింతచెట్టు. చేన్లో పడుకున్న మా తాతకు ఫొటో తీసినట్టే తెలియదు. ఇట్లా ఎవరి తప్పూ లేకుండా, ఇన్నేళ్ళు, ఆమె ఒక చోట, ఆమె పేరు ఒక చోట ఉండిపోయాయి.

దుకాణం ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. మంచి మనిషి, ఏదో ఒకటి చేసి పెట్టాలని ఆరాటపడ్డాడు. "అక్కా, ఇప్పుడు కంప్యూటర్ల అన్నీ అయితయి. గీ మొకం ఇటు తిప్పొచ్చు. మీ మొకం, మీ చిన్నమ్మ మొకం ఏస్తే, అది జోడించి అచ్చం మనిషినే తీస్తది. జల్దీ అయితది. పైసలొద్దు."

నాకు ఆశ పుట్టింది. అబద్ధమాడను, చాలా పుట్టింది. అమ్మ వైపు చూశాను.

"వద్దు భాయ్," అంది అమ్మ. "మీ నాయిన ఒకపాలి జేసిచ్చిండు. సాలు." కోపంగా అనలేదు. ఆయన చిన్నబోతాడేమోనని వెంటనే నవ్వింది కూడా. "ఫొటో తీసేటోని దిక్కు సూడలే సూడుండ్రి ఆమె. ఆఫీసర్లు ఉన్నరు, మీ నాయిన ఉన్నడు, చెట్టు పోతున్నది. ఎవ్వల దిక్కు సూడలే. నా దిక్కే సూసింది."

అంతవరకూ బాగానే ఉన్న మా అమ్మ అప్పుడు ఏడ్చింది. స్టూలు మీద కూర్చుని, కొంగు నోటికి పెట్టుకుని, ఎదుట మగమనిషి ఉన్నాడని కూడా చూడకుండా ఏడ్చింది. ఆయన పోయి చాయ చెప్పి వచ్చాడు.

ఫొటో పెద్దది చేసి ఫ్రేము కట్టివ్వమన్నాం. ఉర్దూ పుస్తకం నాకిచ్చేశాడు, చదివేవాళ్ళు తనింట్లో తన తరువాత లేరట. నాకు మాత్రం ఎక్కడొచ్చు? అయినా తెచ్చుకున్నాను. మరునాడు కంపెనీ బస్సు ఆ స్టాపులో ఆగినప్పుడు కిటికీలోంచి చూశాను. ప్రహరీ గోడ, గేటు, లారీల వరస. చింతచెట్టు ఎక్కడుండేదో ఊహించడానికి కూడా వీల్లేదు. బస్సు కదిలేదాకా చూస్తూనే ఉన్నాను.

చెప్పిన ప్రకారం అమ్మ చిన్నమ్మమ్మ ఫొటోను కొత్త గుడ్డలో చుట్టి తానే ముత్తంగిలో మామ ఇంటికి తీసుకుపోయి ఆయన చేతిలో పెట్టింది. మామ గోడకు తగిలించి, దూరంగా జరిగి చూసి, "ఇప్పుడు మా అమ్మ మా ఇంటికొచ్చింది," అన్నాడు. వెంట పోయిన నేను, ఆ ఆదివారం అన్న మాటకు సిగ్గుపడ్డాను, ఆయన మాత్రం నాకు ఇంకో రెండు గారెలు వేయించాడు.

చిక్కు పెత్రమాసనాడు వచ్చింది. మా గోడ మీద ఆ తెల్లటి చోట కొత్త ఫ్రేము పెట్టాం. బియ్యం, కూరగాయలు చేటలో పోసి పెట్టాం. నేను బంతిపూల దండ తెచ్చి ఫ్రేముకు వేయబోతుంటే, మామతో కలిసి వచ్చిన అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు ఆగు. గా ఫొటోల మీ అమ్మ గూడ ఉన్నది గదనే! బతికున్న మనిషి ఫొటోకు దండ ఎట్లేస్తరు?"

నిజమే, ఎవ్వరికీ తట్టలేదు. మామ గొంతు తగ్గించి, పిల్ల ఉన్న మేరకు కత్తిరించి మళ్ళీ ఫ్రేము కట్టించుకుంటే సరిపోతుంది కదా అన్నాడు. నేను ఫొటో చూశాను. పిల్లను కత్తిరిస్తే ఆమె తల వంచి ఉత్త నేలను చూస్తున్నట్టు ఉంటుంది. ఆ చెయ్యి, తేలో మరకో ఉన్న ఆ చెయ్యి, గాలిలో ఉంటుంది. నాకు మళ్ళీ పాలు పొంగబోయాయి. కానీ అమ్మ అప్పటికే నా చేతిలోంచి దండ తీసుకుంది.

"చిన్నమ్మ పద్దెనిమిదేండ్లకే దండేసుకున్నది," అంది. "ఏమైంది? మా అందరికంటె ఎక్కువ నవ్వింది, డెబ్బై దాటిందాక బతికింది. నాకేమైతది?"

అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, ముందు భయంతో, తరువాత నవ్వుతో. అమ్మ స్టూలెక్కి దండ ఇటు చివర నుంచి అటు చివరకు, తల్లికీ పిల్లకూ కలిపి వేసింది. కుంకుమ మాత్రం తల్లికే పెట్టింది.

బియ్యం తీసుకోవడానికి వచ్చిన అయ్యగారు వయసు మళ్ళినవాడు. గోత్రం, పేరు చెప్పించుకుంటూ ఫొటో వైపు చూసి, దగ్గరికి పోయి, కళ్ళు చికిలించి చూశాడు.

"ఏందమ్మా, పెద్దమనిషి మొకమే కనవడ్తలేదు?"

అమ్మ చేట చేతిలో పట్టుకునే, గడ్డంతో ఫొటోలోని పిల్లను చూపించింది. తల మీద తల్లి చెయ్యి బరువుకు కాస్త వెనక్కి వంగి, నోరు తెరిచి, తలెత్తి తల్లి ముఖం వైపే చూస్తోంది ఆ పిల్ల.

"అగో, నేను సూస్తున్న గద అయ్యగారూ," అంది.